ఆరున్నర తరువాతి చదువు

మద్రాసు వెళ్దామన్నది నేను. గిండీ చూద్దామన్నది సివిలు.

సివిలంటే నా హాస్టల్ రూమ్మేటు. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టలంటే నాలుగు గదులు, ఒక వరండా. బ్రాంచికి ఒకరో ఇద్దరో ఉండేవాళ్ళం కాబట్టి పేర్లతో పని ఉండేది కాదు. తను సివిలు, నేను మెకానిక్కు. ఎలక్ట్రికల్‌లో ఇద్దరు చేరితే ఒకరు పొడుగు ఎలక్ట్రికలు, ఒకరు పొట్టి ఎలక్ట్రికలు అయ్యారు. పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలూ ఇంజనీర్లయి అమెరికా పోయి, మేము రిటైరైనా ఆ పేర్లు మాత్రం రిటైరు కాలేదు. తనది హనుమకొండ, నాది బెజవాడ. ముందురోజు రాత్రే మా ఇంటికి వచ్చి పడుకుని, తెల్లారకముందే నా దుప్పటి లాగింది. "లేవే మెకానిక్కూ, పినాకిని నీ కోసం ఆగుతదా?"

రైలు కృష్ణ వంతెన ఎక్కగానే ఇడ్లీ పొట్లం విప్పబోయినది ఆపి, బ్యారేజీ వైపు మెడ సాచి చూసింది. "నీళ్ళు మంచిగనే ఉన్నయ్" అని తేల్చాక గానీ తినలేదు. సర్వీసంతా నీటిపారుదల శాఖలో గడిపింది. ఏ నది కనిపించినా దండం పెట్టడం కంటే ముందు మట్టం చూస్తుంది.

మా ఇద్దరికీ గిండీ మీదికి మనసు పోవడానికి కారణం అయ్యలసోమయాజుల లలిత గారు. 1919లో మద్రాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనేళ్ళకి పెళ్ళి. పద్దెనిమిదేళ్ళకి ఒడిలో కూతురు. ఆ పిల్లకి నాలుగు నెలలు నిండేసరికి భర్త పోయారు. అప్పటి బ్రాహ్మణ ఇళ్ళలో ఆ వయసు వితంతువు బతుకెలా ఉండేదో మన నవలలు కావలసినంత రాశాయి, నేను మళ్ళీ రాయక్కర్లేదు. ఆవిడ మాత్రం 1940లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరారు. ఆ కాలేజీకి మూలమైన సర్వే స్కూలు పెట్టింది 1794లో. అంటే నూట నలభై ఆరేళ్ళ పాటు ఆ సంస్థలో మగవాళ్ళు తప్ప ఇంకొకరు చదవలేదు. ఆవిడ డిగ్రీ పట్టాలో 'హీ' అని అచ్చయి ఉన్నచోట కొట్టేసి 'షీ' అని దిద్దవలసి వచ్చింది.

ఈ కథ నాకు పెద్దయ్యాకే తెలిసింది. చదివే రోజుల్లో తెలిసి ఉంటే ఎలా ఉండేదో ఊహించలేను. సివిలుకి మాత్రం సందేహం లేదు. "తెలిసుంటే ఏమైతుండె? మన ప్రిన్సిపాల్ అదే కథ చెప్పి, ఆమె ఓర్చుకుంది, మీరూ ఓర్చుకోండ్రి అంటుండె."

తెనాలి దాటేసరికి మాటలు ఎలాగూ అక్కడికే వచ్చాయి.

నేను 1986లో ఎంసెట్ రాసి చేరాను. మా మెకానికల్ క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ముందు బెంచీ అంతా నాదే. నా వెనక రెండు బెంచీలు ఎవరూ కూర్చునేవారు కాదు. ఎవరైనా ఆ ఖాళీలో కూర్చుంటే వెనకనుంచి ఈలలు. లెక్చరర్లు లోపలికొస్తూనే "జెంటిల్మెన్" అని మొదలుపెట్టి, నన్ను చూసి, "అండ్ లేడీ" అని కలిపేవారు. మొదటి నెల క్లాసంతా నవ్వింది. రెండో నెల ఎవరూ నవ్వలేదు. ఈ ఈలలూ, కామెంట్లూ, నల్లబల్ల మీద రాతలూ సినిమాల్లో చాలానే చూపించారు, ఇప్పుడు తలచుకుంటే నాకు వాటి మీద పెద్దగా కోపం కూడా లేదు. నిజంగా ఇబ్బంది పెట్టినవి వేరు. మా బ్లాకులో ఆడవాళ్ళకు బాత్‌రూమ్ లేదు. లైబ్రరీ వెనక 'లేడీస్ వెయిటింగ్ రూమ్' అని ఒకటుండేది, అక్కడికి పోయి రావాలి. మూడు గంటల ల్యాబ్ ఉన్న రోజున నేను పొద్దుటినుంచి నీళ్ళు తాగేదాన్ని కాదు. ఏప్రిల్ నెలలో, ఫౌండ్రీ షాపులో కూడా.

ఇంకొకటి దయ. ఫిట్టింగ్ షాపులో మాకు ఇన్‌స్ట్రక్టరు ఒకాయన ఉండేవాడు, తండ్రిలాంటి మనిషి. ఉక్కు ముక్కని వైస్‌లో బిగించి, ఆకురాయితో అరగదీసి, మూలమట్టం పెట్టి చూసి, రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి వెలుతురు కనపడకుండా కూర్చునేట్టు చేయాలి. 'వీ ఫిట్' అంటారు. నేను నాలుగుసార్లు ఆకురాయి ఆడించగానే ఆయన వచ్చేసేవాడు. "చేతులు బొబ్బలెక్కుతాయమ్మా, నువ్వు రికార్డు రాసుకో, ఇది నేను చూస్తాలే." అరగంటలో నా జాబు క్లాసులో అందరికంటే నున్నగా తయారయ్యేది. పదికి తొమ్మిది మార్కులు. మగపిల్లలు ఏడ్చేవాళ్ళు. వాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి, పగిలాయి, సంవత్సరం చివరికి ఉక్కు మాట వింది. నాకు మార్కులొచ్చాయి. ఒకరోజు ఆయన రాకముందే వైస్ దగ్గరకు పోయి, ఆయన చెయ్యి చాపితే ఆకురాయి వెనక్కి దాచుకున్నాను. "నాకు ఆరు మార్కులే వెయ్యండి మాస్టారూ" అన్నాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు, కానీ వదిలేశాడు. లేత్ దగ్గర జడ ముడేసి గుడ్డ కట్టుకోవాలని నేర్పింది మళ్ళీ ఆయనే.

వీటన్నిటికంటే పెద్దది సాయంత్రం. మా హాస్టల్ గేటు ఆరున్నరకి మూసేవారు. మగపిల్లల హాస్టల్‌కి గేటు ఉందో లేదో కూడా మాకు తెలియదు. పగలు క్లాసులో చెప్పిన చదువు అందరికీ ఒకటే. అసలు చదువు ఆరున్నర తరువాత మొదలయ్యేది. మెయిన్ గేటు ఎదురుగా టీ కొట్టు, దాని పక్కన సైకిల్ షాపు, ఆ వెనక మగపిల్లల గదులు. పాత ప్రశ్నపత్రాలు ఏ సీనియర్ దగ్గరున్నాయి, వైవాకి బయటినుంచి ఎవరొస్తున్నారు, ఆయన ఏం అడుగుతాడు, ఏ కంపెనీ వాళ్ళు వస్తున్నారు, ప్రాజెక్టుకి ఎవరు ఎవరితో జట్టు కడుతున్నారు, ఇవన్నీ అక్కడ తేలేవి. గేట్ పరీక్షకి దరఖాస్తులు పిలిచారన్న సంగతి నాకు గడువు దాటిన రెండో రోజున తెలిసింది. ఎవరూ దాచలేదు. "నీకు తెలీదా?" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. టీ కొట్టు దగ్గర అందరికీ తెలుసు మరి.

జీ.టీ. సంగతి చెప్పకపోతే ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఒప్పుకోరు. డ్రాయింగ్ షీట్లు గీయడానికి ఒక్కోదానికి రాత్రంతా పట్టేది. మగపిల్లల హాస్టల్లో రెండు టేబుళ్ళ మధ్య గాజుపలక పరిచి, కింద బల్బు పెట్టి, ఒకడు గీసిన షీటు మీద ఇంకొకడి షీటు వేసి గీత మీద గీత దిద్దేసేవాళ్ళు. గ్లాస్ ట్రేసింగన్నమాట. మా క్లాసులో ఆ గాజుపలక సొంతదారు ఒకడుండేవాడు, వాడి పేరే గాజుపలక అయిపోయింది. మాకు ఆ సౌకర్యం లేదు. ప్రతి షీటూ మొదటి గీత నుంచి మేమే గీసుకోవాలి. దానివల్ల మాకు డ్రాయింగ్ బాగా వచ్చిందని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, అప్పుడైతే డ్రాఫ్టర్ మీద తల పెట్టి ఏడ్చిన రాత్రులే ఎక్కువ.

"గాజుపలక మంచోడే" అంది సివిలు, కిటికీలోంచి బాపట్ల పొలాలు చూస్తూ. "ఒకసారి పాత పేపర్లన్నీ కట్టగట్టి వాచ్‌మన్‌కి ఇచ్చి పంపలే? వార్డెన్ ప్రేమలేఖ అనుకుని విప్పి చూసింది. లోపల అన్నీ ఫ్లూయిడ్ మెకానిక్స్ లెక్కలు."

ఈ గేటు గొడవ మా ఒక్క కాలేజీదీ కాదు, మా కాలంతో పోయిందీ కాదు. సుధామూర్తి గారు హుబ్లీలో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ప్రిన్సిపాల్ పెట్టిన షరతుల గురించి ఆవిడే చాలాసార్లు చెప్పారు: చీరే కట్టుకోవాలి, మగపిల్లలతో మాట్లాడకూడదు, క్యాంటీన్‌కి పోకూడదు. చీర సంగతి అందరూ ఆశ్చర్యంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం క్యాంటీన్ దగ్గరే కన్ను ఆగుతుంది. 2015లో ఢిల్లీ ఆడపిల్లలు 'పింజ్రా తోడ్' అని ఉద్యమం మొదలుపెట్టింది హాస్టల్ వేళల మీదే. 2022లో కోళికోడ్ మెడికల్ కాలేజీ అమ్మాయిలు రాత్రి తొమ్మిదిన్నర గేటు మీద కేరళ హైకోర్టుకి పోయారు. నా ఆరున్నర వాళ్ళకి తొమ్మిదిన్నర అయ్యింది. ఇన్నేళ్ళలో గడియారం మూడు గంటలు కదిలిందని సివిలు లెక్క తేల్చింది.

నెల్లూరు ముందర పెన్న వచ్చింది. మట్టం గురించి తీర్పు అయ్యాక ఫ్లాస్కులో కాఫీ పోసింది. మాటలు ఉద్యోగాల్లోకి దిగాయి.

నాకు ఉద్యోగమిచ్చిన ఫ్యాక్టరీ నన్ను మొదటిరోజే డిజైన్ సెక్షన్లో కూర్చోబెట్టింది. షాపులో వేయండి సార్ అని అడిగితే పర్సనల్ ఆఫీసరు పుస్తకం తెరిచి చూపించాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం, 66వ సెక్షను. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా తప్ప ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు పనిచేయకూడదు. రాత్రి షిఫ్టు చేయని ఇంజనీరుకి షాపు అప్పగించరు. షాపు చూడని ఇంజనీరుకి ఫ్యాక్టరీ అప్పగించరు. హాస్టల్లో వార్డెన్ వేసిన తాళమే ఇక్కడ పార్లమెంటు వేసిందనుకున్నాను. ఆ సెక్షన్లోని రాత్రి నిషేధం చెల్లదని 2000లో చెప్పింది మద్రాసు హైకోర్టు. మేము దిగబోయే సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంది ఆ ఎర్ర భవనం. నేను అప్పటికి డిజైన్లో ముదిరిపోయాను. లలిత గారు కూడా కలకత్తాలో ఏఈఐ కంపెనీలో చేసింది డిజైన్ పనే. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్లు. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలోనూ ఆవిడ చేయి ఉంది.

సివిలుది వేరే కథ. కాలువల మీద జీపులో తిరిగింది, తూముల దగ్గర రాత్రిళ్ళు కాపలా ఉంది, రైతులతో తిట్లు తింది, తిట్టింది. "నాకెవడు చట్టం చూపించలే. కాలువ కట్ట రాత్రి పూటనే తెగుతది, ఎవరినన్న పంపాలె కద" అని నవ్వుతుంది. తనకి దేవత పి.కె. త్రేస్యా. గిండీలో లలిత గారి తరువాతి ఏడాది సివిల్లో చేరిన ఇద్దరిలో ఒకరు. 1971లో కేరళ పబ్లిక్ వర్క్స్‌కి చీఫ్ ఇంజనీరయ్యారు.

తడ దాటాక తమిళ బోర్డులు మొదలయ్యాయి. ఒంటిగంట దాటాక సెంట్రల్లో దిగి, లాడ్జిలో సామాను పడేసి, కాసేపు నడుం వాల్చి, ఎండ తగ్గాక మెరీనాకి వెళ్ళాం. సముద్రం కోసం కాదు, రోడ్డుకి ఇవతల ఉన్న క్వీన్ మేరీస్ కాలేజీ కోసం. 1914లో పెట్టిన ఆడవాళ్ళ కాలేజీ. లలిత గారు ఇంటర్మీడియట్ ఇక్కడ చదివి ఫస్టు క్లాసులో పాసయ్యారు. 2003లో దీన్ని పడగొట్టి సచివాలయం కడతామని ప్రభుత్వం అంటే అమ్మాయిలు లోపలే బైఠాయించి నిలబెట్టుకున్నారు. మేము వెళ్ళేసరికి గేటు వేసేశారు. ఎదుటి ఇసుకలో కూర్చుని సుండల్ తింటూ చూశాం.

అక్కడ కూర్చునే సివిలు ఒక ప్రశ్న వేసింది. "ఇంటర్లో ఫస్టు క్లాసు వచ్చిన పిల్ల డాక్టరెందుకు కాలే?"

అడగవలసిన ప్రశ్నే. ఇదే మద్రాసులో మెడికల్ కాలేజీ 1875లోనే నలుగురు ఆడవాళ్ళని చేర్చుకుంది. ఇంజనీరింగ్ కాలేజీ తలుపు తెరవడానికి ఇంకో అరవై అయిదేళ్ళు పట్టింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. ఘోషాలో ఉన్న ఆడవాళ్ళు మగ డాక్టరుకి నాడి చూపించరు, అందుకని ఆడ డాక్టర్లు కావాలి. వంతెనకి ఘోషా లేదు. దానికి ఆడ ఇంజనీరే కావాలని ఎవరూ అడగలేదు. కాబట్టి 1940 నాటికి ఉద్యోగం చేయాలనుకున్న ఆడపిల్లకి డాక్టరీ అంటే నలిగిన దారి. లలిత గారు ఆ దారి వద్దనుకున్నది రాత్రి వల్లే. డాక్టరైతే అర్ధరాత్రి పిలుపులు వస్తాయి, ఇంట్లో చంటిపిల్ల. పగలు వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం కావాలి. ఇంజనీరింగ్ అలాంటిదని ఆవిడ లెక్క వేసుకున్నారు. సాయంత్రం ఇంట్లో ఉండడం కోసం ఆవిడ ఈ చదువుకి వచ్చారు, సాయంత్రం ఇంట్లో ఉంచారని మేము ఈ చదువులో వెనకబడ్డాం. సివిలు ఇది విని, "జర ఆగు, మళ్ళ చెప్పు" అని, రెండోసారి విన్నాక ఏమీ అనకుండా చేతులు దులుపుకుంది.

మర్నాడు మెట్రో ఎక్కి చిన్నమలైలో దిగి ఆటోలో సర్దార్ పటేల్ రోడ్డు మీదికి వచ్చాం. ఒకపక్క రాజ్‌భవన్ చెట్లు, గాంధీ మండపం. ఇంకాస్త ముందుకు పోతే ముత్తులక్ష్మీ రెడ్డి గారు 1954లో మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. ఆవిడా పుదుక్కోటలో మగపిల్లల కాలేజీలో చదివే మెడికల్ కాలేజీకి వచ్చారు. ఈ ఒక్క రోడ్డు మీద ఇద్దరు. 1978 నుంచి గిండీ కాలేజీ అన్నా యూనివర్సిటీలో భాగం. తెలిసినవాళ్ళతో ముందే చెప్పించుకున్నాం కాబట్టి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు.

కాలేజీ ఎర్ర భవనం ఫోటోల్లో కంటే పెద్దది. కాలేజీ గిండీకి మారింది 1920లో. తోరణాలు, పొడుగాటి వరండాలు, గచ్చు చల్లగా ఉంది. మా ఊళ్ళ నుంచి ఎంతమంది ఇక్కడికి రైలెక్కి వచ్చారో. 1946లో విశాఖపట్నంలో కాలేజీ పెట్టేదాకా ఆంధ్ర ప్రాంతం కుర్రవాడు ఇంజనీరు కావాలంటే గిండీయే దిక్కు. నాగార్జునసాగర్ పేరెత్తితే గుర్తొచ్చే కె.ఎల్. రావు గారు ఇక్కడివారే. సివిలు ఆయన పేరు చెప్పి వరండా గచ్చుని చేత్తో తాకింది. పైకి ఒప్పుకోదు గానీ అది దండమే.

లలిత గారు ఏ గదిలో చదివారో, ఎక్కడ కూర్చున్నారో వెతకాలన్న కోరిక నాకు లేదు. నేను చూడాలనుకున్నది దూరాలు. తరగతి నుంచి హాస్టల్‌కి ఎంత, హాస్టల్ నుంచి ప్రొఫెసర్ల ఇళ్ళకి ఎంత. ఎందుకంటే ఆవిడ తండ్రి పప్పు సుబ్బారావు గారు ఇదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. కూతురికి సీటు కోసం ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారిని, విద్యాశాఖ డైరెక్టరు స్టాథమ్‌ని ఒప్పించింది ఆయనే. ఇంటినిండా ఇంజనీర్లు, అన్నదమ్ములతో సహా. ఆవిడ హాస్టల్లో ఉండేవారు. పిల్ల అన్నగారింట్లో పెరిగేది, వారం చివర వెళ్ళి చూసుకునేవారు. మా టీ కొట్టు దగ్గర దొరికే చదువు ఆవిడకి భోజనాల దగ్గర దొరికి ఉంటుంది. ఈ మాట ఆవిడ గొప్పతనం తగ్గించడానికి అనడంలేదు. ఇంట్లో ప్రొఫెసర్ ఉన్నవాళ్ళందరూ పసిపిల్లని వదిలి డైనమోల వెంట పడరు. కానీ మొదటి ఆడ ఇంజనీరు అనగానే ఒంటరిగా కొండెక్కిన మనిషి బొమ్మ గీస్తారు చూడండి, అది నిజం కాదు. తండ్రి, వదినగారు, సంతకం పెట్టిన ప్రిన్సిపాల్, ఇంతమంది చేతులుంటేనే ఒక పిల్ల ఆ గేటు దాటింది.

ఇంకొకటుంది. ఒక్కతే అమ్మాయి ఉంటే బాగుండదని, మిగతా అమ్మాయిలూ దరఖాస్తు చేసుకోవచ్చని ప్రచారం చేశారు. అలా మరుసటి ఏడాది త్రేస్యా, లీలమ్మ జార్జ్ వచ్చారు. యుద్ధం మూలాన కోర్సు కొన్ని నెలలు కుదించడంతో ముగ్గురూ ఒకేసారి బయటపడ్డారు. ఆ తరువాత లలిత గారు బీహార్లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేశారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి మన దేశం నుంచి వెళ్ళారు. అరవై ఏళ్ళకి, 1979లో పోయారు. మేము ఎంసెట్ రాయడానికి ఏడేళ్ళ ముందు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకి. ఐఐటీలు కూడా 2018 నుంచి అదనపు సీట్లు పెట్టాయి. ఆ వరండాలో అమ్మాయిలు గుంపులు గుంపులుగా పోతున్నారు. ఎవరూ మమ్మల్ని పట్టించుకోలేదు. ఆడవాళ్ళు కనపడితే తల తిప్పి చూడని ఇంజనీరింగ్ కాలేజీలో నడవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

టీ తాగుతుంటే మా మాటలు విని పక్కనున్న అమ్మాయి పలకరించింది. "తెలుగా ఆంటీ?" హోసూరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే, రాయడం చదవడం రాదు. "మా ఊర్లో అందురూ ఇట్లే మాట్లాడతారు" అంది. నాన్న గులాబీ తోట వేస్తాడు. మెకానికల్ మూడో సంవత్సరం. ఆ మాట వినగానే సివిలు నన్ను మోచేత్తో పొడిచింది. క్లాసులో అమ్మాయిలు పదిమంది దాకా ఉన్నారట. చేతిలో ఏదో ప్లాస్టిక్ బ్రాకెట్టు ఉంది, విద్యార్థులు కలిసి కడుతున్న రేసు కారులోదట, తనే డిజైన్ చేసి త్రీడీ ప్రింటర్లో తీసింది.

నేను ఆగలేక అడిగేశాను. "రాత్రిళ్ళు ఎక్కడ కలుసుకుంటారు మీరంతా?"

ఆ పిల్లకి ప్రశ్న అర్థం కాలేదు. "ఏమిటికి కలవాల ఆంటీ? కాల్ పెట్టుకుంటాము. రాత్రి రెండు గంటలకి గూడా మాట్లాడతా ఉంటాము."

"పాత పేపర్లు?"

"డ్రైవ్‌లో ఉంటాయి. అందురికీ."

జీ.టీ. సంగతి చెప్తే పడీ పడీ నవ్వింది. గాజుపలక కింద బల్బా, వేడెక్కదా అని అడిగింది. వేడెక్కేది, ఒకడి షీటు కాలింది కూడా, అంది సివిలు. ఆరున్నర గేటు గురించి చెప్తే మాత్రం నవ్వలేదు, మర్యాదకి తలూపింది. అది ఆ పిల్లకి ఎప్పటిదో కథ. నాకు ఒక్క క్షణం ఈర్ష్య కలిగింది, దాచడమెందుకు.

తరువాత ఏం చేస్తావమ్మా అంటే, ఎండాకాలంలో రెండు నెలలు ఏదైనా మెషిన్ షాపులో పనిచేయాలని ఉందంది. సాఫ్ట్‌వేర్ కాదు, ఆఫీసు కాదు, షాపే. పెద్ద కంపెనీలకి ఆన్‌లైన్లో పెట్టింది. చిన్న షాపులకి దరఖాస్తులుండవు, ఎవరో ఒకరు తెలిసుండాల. "నాన్నకి పూల మార్కెట్లో అందురూ తెలుసు. లేత్‌లు ఉండేవాళ్ళు ఎవురూ తెలీదు."

నేను సివిలు వైపు చూశాను. తను అప్పటికే ఫోన్ తీసింది. గాజుపలక ఒక పంపుల కంపెనీలో చాలాకాలం చేసి, ఇప్పుడు అంబత్తూరు ఎస్టేటులో సొంతంగా చిన్న మెషిన్ షాపు నడుపుతున్నాడు. స్పీకర్ మీద పెట్టింది.

"ఏరా గాజుపలకా, మీ ఊర్లనే ఉన్నం."

"ఓసి మీ ఇద్దరూనా! చెప్పాపెట్టకుండా వచ్చారేంటే? మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రండి."

"భోజనం తరువాత. ఒక పిల్ల ఉంది, మెకానిక్కు. ఎండకాలం నీ షాపుల రెండు నెలలు పని నేర్పు."

అవతల కాసేపు లేత్ చప్పుడు. "పంపు. కానీ నాకు మంచి పనంతా రాత్రే ఉంటుంది. హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు సాయంత్రం వెలిగిస్తే తెల్లారిందాకా. అది చూడకపోతే వచ్చీ దండగ. ఆ అమ్మాయి రాత్రి ఉండగలదా?"

సివిలు ఫోన్ ఆ పిల్ల వైపు తిప్పింది. పిల్ల తడుముకోలేదు. "ఉంటాను సార్. అక్కడ లేడీస్‌కి బాత్‌రూమ్ ఉందా సార్?"

"ఉందమ్మా, ఆఫీసు పక్కన ఒకటుంది. ఆడవాళ్ళెవరూ లేరని తాళం వేసి ఉంచాం, సామాన్లు పెట్టుకున్నాం."

"సామాన్లు తీయించురా, తాళంచెవి పిల్లకియ్యి" అంది సివిలు. "మేం ఒంటిగంటకు వస్తున్నం, చూస్తం."